మూడో కుర్చీ

నిన్న సాయంత్రం శంషాబాదులో
రాజమండ్రి విమానం తలుపు దగ్గర
నా కార్డు తిరగేసి చూసింది కెప్టెన్ మృదుల.
ఒకే బ్యాచి మేం. సిమ్యులేటర్లో
నా పక్కన కూర్చుని రెండుసార్లు కూలిపోయిన మనిషి.
"మీ కంపెనీ లేదుగా, ఓలేటీ" అంది మెల్లగా,
చావు కబురు చెప్పినట్టు కాదు,
బియ్యం నిండుకున్నాయని చెప్పినట్టు.

పైలట్లిద్దరి వెనక
మడత విప్పితే కుర్చీ, వదిలేస్తే గోడ.
ఎవరు కూర్చోవచ్చో రాసి ఉంటుంది.
ఉద్యోగంలో ఉండాలి, లైసెన్సు బతికుండాలి,
ఆ కంపెనీకీ ఈ కంపెనీకీ ఒప్పందం ఉండాలి,
జాబితాలో పేరుండాలి,
పన్నెండు గంటలుగా చుక్క ముట్టి ఉండకూడదు,
తనిఖీ అధికారి వస్తే లేచి చోటివ్వాలి.
అన్నీ ఉన్నా కెప్టెన్ వద్దంటే వద్దే.
ఎందుకని అడగకూడదు.

లైసెన్సుంది నాకు. నాలుగువేల రెండొందల గంటలున్నాయి.
చుక్క ముట్టి నెలయింది, డబ్బుల్లేక.
మార్చిలో మా కంపెనీ షట్టరు దించేసింది.
కార్డు మీద నా ఫొటో ఇంకా నవ్వుతోంది.

రాత్రి బస్సు. నర్సాపురంలో తెల్లారింది.
రేవులో పంటు మీద
రెండు ఆటోలు, కొబ్బరికాయల ట్రాక్టరు,
చేపల బుట్టలు, ఎవరిదో పెళ్ళివారి జనరేటరు.
టిక్కెట్టు కుర్రాడు చెయ్యి చాపితే డబ్బిచ్చాను.
ఏదో చెప్పాలనిపించింది గానీ
ఏమని చెప్పను?

పదిహేనేళ్ళ వయసులో, వేసవి సెలవుల్లో
ఇదే రేవులో తాడు విసిరేవాణ్ణి.
అప్పటి సరంగు పెమ్మాడి సత్తెయ్యగారు
చక్రం పక్కన కిరసనాయిలు డబ్బా ఒకటి బోర్లించి ఉంచేవాడు.
దానిమీద ఎమ్మార్వో కూర్చోడు, రొయ్యల షావుకారు కూర్చోడు.
కోటిపల్లి రేవు సరంగు వస్తే కూర్చుంటాడు.
"చక్రం పట్టిన చేతిని టిక్కెట్టడిగితే
గోదారి నవ్వుద్దిరా" అనేవాడు.
ఒకసారి ఒకాయనొచ్చాడు,
వాళ్ళ రేవుకి వంతెన పడ్డాక
లాంచీని తుక్కు కింద అమ్మేసుకున్నాయన.
డబ్బా దాకా వచ్చి నిలబడిపోయాడు.
సత్తెయ్యగారు ఏమీ అనలేదు.
డబ్బాని కాలితో
జానెడు అటు జరిపాడు.

ఇవాళ్టి సరంగు నాకు తెలీదు. చెవిలో ఇయర్‌ఫోను.
డబ్బా లేదు. ఆ చోట నీలం ప్లాస్టిక్కు స్టూలు,
దానిమీద అతని క్యారేజీ.
నేను కమ్మీ పట్టుకుని నిలబడ్డాను.

నది నడిమికొచ్చేసరికి పోటు తగిలింది.
సముద్రం నోరు ఇక్కడికి దగ్గరే.
ఇసుకమేట దాటేదాకా సత్తెయ్యగారు
ఎవర్నీ మాట్లాడనిచ్చేవాడు కాదు,
బీడీ కూడా వెలిగించనిచ్చేవాడు కాదు.
మాకూ అంతే. పదివేల అడుగుల దిగువన
మూడో కుర్చీకి నోరుండదు,
ఏదైనా తేడా కనిపిస్తే తప్ప.

కనిపించింది.
కుడివైపు, నీటి మెరుపులో
ఒక తెల్ల బెండు. దాని వెనక ఇంకోటి.
రాత్రి ఎక్కడో తెగి కొట్టుకొస్తున్న వల.
"రెండు గంటల వైపు" అనబోయి
నాలిక్కరుచుకుని
"కుడిపక్క వల, సరంగుగారూ" అన్నాను.
ఇయర్‌ఫోను పీకి చూశాడు. ఇంజను తగ్గించాడు.
పంటు బద్ధకంగా ఆగినట్టయింది.
ట్రాక్టరు మీంచి ఒక కాయ దొర్లింది.
వల మా ముందునుంచి, దారి తెలిసినదానిలా,
పోటుతో ఎగువకి పోయింది.

"ఏ రేవు?" అన్నాడు, నావైపు చూడకుండానే.
ఇప్పుడు నాకు రేవు లేదు.
"మధురపూడి" అన్నాను.
పూర్తి అబద్ధం కాదు, మూడేళ్ళు దింపానక్కడ,
ఎండాకాలం గాలి అడ్డంగా కొట్టే రోజుల్లో.
అక్కడ నీళ్ళెక్కడున్నాయని అతను అడగలేదు.
క్యారేజీ తీసి కింద పెట్టాడు.

సఖినేటిపల్లి ఇంకా ఆరు నిమిషాలు.
స్టూలు మీద కూర్చున్నాక
అలవాటు కొద్దీ, నడుము దగ్గర
బెల్టు కోసం తడుముకున్నాను.