మూడో బాటిలు

వారధి మీద ముల్లు ఎర్రగీతని ముట్టుకుంది.
రోహిణి కార్తెలో రోళ్లే పగులుతుంటే
ఇరవై ఆరేళ్ల మారుతిని ఏమంటాం?

కానీ వారంలో ఇది మూడో బాటిలు.
తాగుతుంది, కారదు.
రాత్రి కింద పరిచిన పాత పేపరు
పొద్దున్నే పెళపెళలాడుతూ
చదువుకోడానికి పనికొచ్చేలా ఉంది.

ఆటోనగర్లో నాగుల్ మీరా
చల్లారేదాకా మూత ముట్టలేదు.
టీ తెప్పించుకున్నాడు. తనకొక్కడికే.
తర్వాత మూత రబ్బరు గోటితో గీకాడు,
ఆయిల్ పుల్ల లాగి వేళ్ల మధ్య రుద్దాడు.
"మీగడ లేదు. హెడ్ బతికే ఉంది మేడమ్."
పంపు కింద వేలు తిప్పాడు. పొడి.
స్టార్ట్ చేయించి
సైలెన్సర్ ముందు అరచెయ్యి పట్టి వాసన చూశాడు.
తల అడ్డంగా ఊపాడు.

ముల్లు మళ్లీ ఎక్కుతుంటే
పక్క సీట్లో కూర్చుని అన్నాడు:
"హీటర్ వేయండి."

బెజవాడలో, హీటరు!
కొన్నప్పట్నుంచీ ఆ మీట జోలికి పోయిందెవరు?
అద్దాలెత్తి ఇద్దరం
కుమ్మరి ఆవంలో కుండల్లా కూర్చున్నాం.
ముల్లు మెల్లగా దిగింది.
ముందద్దానికి జిడ్డుమంచు పట్టింది,
బెల్లప్పాకం అడుగంటిన వాసన.

ఆయన వంగి
తన కాళ్లకింది మ్యాట్ ఎత్తాడు.
లేత ఆకుపచ్చ తడి.

"వాడనిదే తాగేసింది," అని
హీటర్ని వెలేసి
రెండు గొట్టాలూ కలిపి బిగించాడు.
ఆరొందలు.

ఇప్పుడు ముల్లు సగంలోనే ఉంటోంది.
అయినా బెంజి సర్కిల్లో ఎర్రలైటు పడితే
ఒంగి ఆ మ్యాట్ తడుముతాను.
నిన్న పక్క ఆటో అతను అడిగాడు,
"ఏం పడిపోయిందమ్మా?"

నీళ్లు, అన్నాను.