పదమూడో నెల

జిమ్మాలో పొద్దు పొడిచిన గంటకి ఒంటిగంట.
కాలేజీ టైమ్‌టేబుల్లో మాత్రం అదే ఏడు.
మధ్యలో ఆరు గంటలు ఎవరు మింగారో
త్సిగెరెడా ఇంకా లెక్క తేల్చలేదు.

అనాటమీ, వార్డు, ల్యాబు, మళ్ళీ వార్డు.
మంగళవారం గుర్తుంది, మాడిన షిరో వల్ల.
బుధవారం అసలొచ్చిందా?
దువ్వెనకి తగిలింది
ఏ వారం నాటిదో చిక్కు.

వాళ్ళ ఏడాది చివర
ఐదురోజుల బుల్లి నెల ఒకటుంది,
జీతం లెక్కలోకి రానిది.
నిద్రంతా అందులోనే పోదామని దాచుకుంది.

తీరా అది వచ్చాక
చీకటుండగానే లేచి కూర్చుంది.
చేతులకి ఏం తోచదు.
పెనం మీద కాఫీ గింజలు
వేగుతున్నాయి, వేగమే లేదు.

"ఇంతసేపా?"
పిన్ని గరిట ఆపలేదు.
"ఎప్పుడూ ఇంతేనే."