మిర్చి చేతుల ఫారం

తొడిమలు తుంచి తుంచి
నా ఏలిముద్ర మిషన్ల పడలే.
"గీతల్ని కారం తిన్నదా?" నవ్విండు తహసీల్ క్లర్కు, మరాఠీల.
ఆదాయం దాఖలాకు మూడు తిరుగుళ్లు,
ధర్మాబాద్ మార్కెట్ల రెండ్రోజుల కూలి.

బడి ఎంచుకోమన్నరు.
తెలుగుబడిల ఒక్కడే సారు.
మరాఠీది ఇంటెన్కే.
స్టేషనవతల పచ్చగేటుదాని మీద ఏలు పెట్టింది భూమిక.

లాటరీల పేరొచ్చింది.
గంగామణి పోరనికి రాలే,
నా సంబురం కొంగుల ముడేసి దాసిన.
ఫీజు మాఫట.
బస్సు, బూట్లు, టై మాఫ్ గావు.
టై అంటే ఎన్ని బస్తాల తొడిమలో!

రాత్రి పిల్ల అడిగె:
"ఆ బడికొస్తే నిన్నేమని పిలవాలె?
అవ్వా అంటె నవ్వుతరేమో."

జవాబియ్యలే.
బాయికాడ చేతులు కడుగుతనే ఉన్న,
సబ్బుతోటి, మట్టితోటి, పెరుగుతోటి,
దాని చెంప ముట్టుడుకు ముందు.