నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు

ఉలాన్‌బాతర్‌లో ఆ సాయంత్రం మైనస్ ముప్పై ఒకటి.
తొమ్మిదంతస్తుల పాత కట్టడం, దాని నేలమాళిగ.
నెర్గుయ్ చేతితొడుగు పళ్ళతో లాగి
స్విచ్ ముందు గొంతుక్కూర్చున్నాడు.

నెర్గుయ్ అంటే వాళ్ళ భాషలో పేరు లేదని.
ముందు పుట్టినవాళ్ళు దక్కకపోతే
చావుకి ఆనవాలు చిక్కకుండా పెట్టే పేరు.
మనవైపు పెంటయ్య అని పిల్చి దాచుకోమూ, అలాగే.

తెల్లారితే వాళ్ళకి సంవత్సరాది.
ఇంటింటా టీవీలో కుస్తీ.
మల్లుడు గద్దలా చేతులు చాచి తిరుగుతాడు,
పట్టు దొరుకుతుంది, మోకాలు వంగుతుంది,
సరిగ్గా అక్కడ బొమ్మ బిగుసుకుపోతుంది.
నాలుగో అంతస్తులో తిట్లు. ఏడులో ఇంకా పెద్ద తిట్లు.
ఛానెల్ మార్చి మళ్ళీ వస్తే కదులుతుంది,
నాలుగు నిమిషాల ఇరవై సెకన్లకి మళ్ళీ రాయి.
ఆ ఇంట్లో ఎవరూ ఎవరి వెన్నూ నేలకి తగలగా చూడలేదు.

ముందు అతను అందరూ చేసే పనే చేశాడు:
స్విచ్‌ని పొంచి వినడం మానెయ్యమన్నాడు.
బొమ్మ వచ్చింది, నిజమే.
ముప్పైరెండు ఛానెళ్ళూ ప్రతి తీగలోకీ విరుచుకుపడ్డాయి,
ఊరి పెళ్ళిభోజనమంతా ఒక్క విస్తట్లో దిమ్మరించినట్టు.
తొమ్మిదో అంతస్తు సరంగెరెల్ ఫోన్‌లో
సోల్‌లో రాత్రిపని చేసే మొగుడి ముఖం
గళ్ళుగళ్ళుగా విరిగింది.
ముక్కు ఒకచోట, మాట ఒకచోట.

తప్పు తప్పని మళ్ళీ వినమన్నాడు.

మిద్దె మీది డిష్ నుంచి కుస్తీ ఒకటే పాయగా దిగుతుంది.
దానిమీద ఎవరింటి నంబరూ ఉండదు.
రెండువందల ముప్పైతొమ్మిదితో మొదలయ్యే ఓ చిరునామా,
అందులో ఎవరూ కాపురముండరు.
కావలసిన పెట్టె 'నాక్కూడా' అంటుంది.
అది స్విచ్‌తో అన్న మాట కాదు.
దారిలో నిలబడి చెవిన వేసుకుంటుందంతే:
ఆరో తీగకి కావాలి, పదకొండుకి అక్కర్లేదు.
గోడలకు చెవులుంటాయని భయపడతాం గానీ
ఈ గోడకి చెవులుండబట్టే
పదకొండో తీగ చివర పసిపిల్ల నిద్రపోతోంది.

అయితే విన్నది ఎల్లకాలం గుర్తుండదు దానికి.
రెండు నిమిషాలకోసారి ఎవరో ఒకరు పలకరించాలి,
ఉన్నారా, ఇంకా చూస్తున్నారా అని.
పాత రౌటర్ పదకొండేళ్ళు పలకరించింది,
పాల టీ మరక మూతిమీద వేసుకుని, ఎవరికీ తెలీకుండా.
పోయిన మంగళవారం దాన్ని మార్చేశారు.
కొత్తది నాజూగ్గా ఉంది, నీలం దీపం, నాలుగు కొమ్ములు.
పలకరింపు మాత్రం రాదు.

అడగందే అమ్మైనా పెట్టదంటాం.
ఇక్కడ అమ్మే అడగడం మానేసింది.
అడగలేదు గనక పెట్టెలు చెప్పలేదు,
చెప్పలేదు గనక లేరనుకుంది స్విచ్,
లేరనుకుని, పాపం, మర్యాదగా తలుపేసింది.

వేళ్ళు ఊదుకుంటూ ఒక్క వరస టైపు చేశాడు:
ఇకనుంచి నువ్వే అడుగు.

అడిగింది.
మూడు పలికింది. ఎనిమిది. పధ్నాలుగు.
ఇరవైయారు కూడా పలికింది,
ఆ కుర్చీలో దష్‌జెవెగ్ ముసలాయన
గంట కిందటే గురకపెడుతున్నాడని తెలిసినా.
పెట్టెకేం తెలుసు, టీవీ వెలుగుతోంది, ఉన్నాననేసింది.

నాలుగు నిమిషాల పద్దెనిమిది. పందొమ్మిది.
ఇరవై.
ఇరవై ఒకటి.
ఆవిరిగొట్టాల మీదుగా ఒక్కసారి
ఇల్లంతా అరిచింది. పైనెవరో కూలాడు.
ఎవరో నెర్గుయ్‌కి తెలీదు, కింద తెర లేదు.

మెట్లమీద చెప్పుల చప్పుడు.
ముసలాయన భార్య సెరెన్‌ల్హామ్, ఫ్లాస్కుతో,
చీకట్లోకి వంగి,
'పేరులేనోడా, ఇంకా ఉన్నావా?'
ఉన్నానన్నాడు.
చెవుడో ఏమో,
రెండు మెట్లు దిగి మళ్ళీ అడిగింది.