అరవై ఒకటో వస్తువు

మెరిగల్ విశ్వవిద్యాలయానికి పుట్టినరోజులు రెండు.
ఒకటి ఇత్తడి ఫలకం మీద,
సిడ్నీ నుంచి మంత్రిగారొచ్చి రిబ్బను కత్తిరించిన రోజు.
రెండోది ఉన్ని కొట్టం దూలం మీద
ఎవరో చాకుమొనతో గీసిన తేదీ,
దానికి పదకొండు నెలల ముందుది.

బుధవారం మధ్యాహ్నాలు
మట్టి పరీక్షల గదిలోంచి చేతులు కడుక్కుని వచ్చి
మ్యూజియం తాళం నేను తీస్తాను.
మ్యూజియమంటే మరీ ఊహించుకోకండి.
ఆ కొట్టమే.
అన్నిటికంటే పాత కట్టడం, అన్నిటికంటే వంకర కట్టడం.
వేల గొర్రెలు జారిన చెక్కనేల
తలంటని జుట్టులా ఇప్పటికీ జిడ్డుగా మెరుస్తుంది.
వాన పడితే
గోడల్లోంచి గొర్రెలు లేచొస్తాయి, వాసనగా.

ఇక్కడే మొదటి పాఠం.
తొమ్మిది మంది కుర్రాళ్ళు, మూడు బల్లలు,
ఆర్చిబాల్డ్ ట్రెవెన్నా అనే కోపిష్టి పంతులు.
ఊరివాళ్ళ చందాల చిట్టా గాజు కింద ఉంది.
గడ్డి రెండు బండ్లు.
మేకులు ఒక డబ్బా.
పాడి ఆవు ఒకటి (ఎడమ కన్ను లేదు).
భూమి చదును చేసిన కూలి:
చైనావాళ్ళు, పద్నాలుగు మంది.
అంతే.
వాళ్ళు కొట్టిన చెట్ల పేర్లు మాత్రం
లాటిన్లో, పొందికైన అక్షరాల్లో,
ఒక్కటీ వదలకుండా.

రెండో ఏడు వాన మొహం చాటేసింది.
గోధుమ చీలమండ దాటలేదు.
ఆకలికి ఓర్చలేక కుర్రాళ్ళు పెట్టెలు సర్దుకుంటుంటే
వంటమనిషి హొనోరా టియర్నీ
ప్రయోగాల గదిలో దాచిన విత్తనపు సంచి విప్పి
పిండి చేసి జావ కాచింది.
నివేదికలో ట్రెవెన్నా రాసుకున్నాడు:
"తొమ్మిదో రకం. ఫలితం లభించలేదు."
ఎవరూ ఇంటికి పోలేదు.
నన్నడిగితే
కళాశాల నిలబడింది ఆ పూటే.
మర ఇంకా రాని ఊళ్ళో
ఆమె ఆ గింజల్ని దేనితో నూరిందో
ఎక్కడా రాయలేదు.

ఇక అరవై ఒకటో వస్తువు.
వాకిట్లోనే ఉండేది, తలుపుకు ఆనించి.
పైన గోడకు చీటీ:
"తలుపు అడ్డురాయి. ఇసుకరాయి. సుమారు 1893."
మొదటి రోజే నా కాలికి తగిలింది.
వంగి చూశాను.
నడుమ పల్లం, అటు చివర నున్నగా, ఇటు చివర ఇంకా నున్నగా.
రాయి తనంత తాను అలా అరగదు.
మోకాళ్ళ మీద కూర్చుని
ఒకామె, ఆమె తరవాత ఇంకొకామె,
ఒంటి బరువంతా అరచేతుల్లోకి దింపి
ముందుకీ వెనక్కీ ఊగితేనే.
నూరేవాళ్ళున్న ఇంట్లో పుట్టినదాన్ని, నాకు తెలీదా.
తెలిసీ మూడేళ్ళు నోరు మెదపలేదు.
బుధవారాల మనిషిని, నాకెందుకులే అని.

మొన్న ఆగస్టులో మెర్ల్ ఆంటీ వచ్చింది.
విరాజురి పెద్దావిడ, మనవరాలి స్నాతకోత్సవానికి.
ఫలకం చదవలేదు. చీటీ చదవలేదు.
గడప దగ్గరే ఆగి, కష్టపడి కిందికి కూర్చుని
పల్లంలో చెయ్యి పెట్టింది.
సరిపోయింది.
"దీని పైరాయి ఏది?" అంది.

పొత్రం, అన్నాను, నోరు జారి తెలుగులో.
అంటే? అంది. చెప్పాను.
తమ మాట తనూ చెప్పింది,
నా చేత రెండుసార్లు పలికించి దిద్దింది.
ఆ మాట ఇక్కడ రాయను.
రాయమని ఆమె అనలేదు.

పైరాయి కోసం కొట్టమంతా వెతికాం.
పునాదిలో ఉందో, బావి గట్టులో ఉందో.
దొరకలేదు.
రాయిని ఇద్దరం ఎత్తి
ట్రెవెన్నా బల్ల మీద పెట్టాం,
చందాల చిట్టా పక్కకు జరిపి.

కమిటీ రెండుసార్లు కూర్చుంది.
కొత్త చీటీలో ఏ సంవత్సరం వెయ్యాలన్న దగ్గర
టీ చల్లారిపోయింది.
మెర్ల్ ఆంటీనే అడగండి అన్నాను.
ఈసారి పైకే అన్నాను.

ప్రస్తుతానికి చీటీ ఖాళీ.
అడ్డు లేక
ఆ తలుపు గాలి వీచినప్పుడల్లా టపటపా కొట్టుకుంటోంది.
ఇటుక పెడదామన్నాడు కాపలా గ్రెవిల్.
కొన్నాళ్ళు కొట్టుకోనీ, అన్నాను.