మసి లెక్క

నా కొట్టు తలుపు పక్కన, నల్లరొట్టెల అరకి ఎదురుగా
ఒక చెక్క పలక ఉంది. నాలుగు గుండుసూదులు.
ఎవరైనా ఏమైనా గుచ్చుకోవచ్చు:
తప్పిపోయిన పిల్లి, అమ్మకానికి బంగాళాదుంపలు,
విల్యాండి చెరువు మీద మంచు ఎన్ని అంగుళాలో.

హెల్దుర్ పొగగొట్టాలు ఊడుస్తాడు.
ముప్పై ఒక్క ఏళ్లుగా అదే నల్లకోటు, అవే ఇత్తడి గుండీలు.
ఎదురైతే పిల్లలు గుండీ ముట్టుకుని పరుగెడతారు, కలిసొస్తుందని.
ఏడాదికొక కాగితం తెచ్చేవాడు:
"చలి ముదరకముందే పిలవండి."
అక్షరాలు ఇటుకలు పేర్చినట్టు ఉండేవి.

నిరుడు వేసవిలో టాలిన్ నించి మేనకోడలు పిరెట్ వచ్చింది.
"అడగందే అమ్మయినా పెట్టదు మామయ్యా,
ఏడాదికొక్కసారి అడిగితే ఊరు పెడుతుందా?
రోజూ కనపడాలి."

రోజూ కనపడ్డాడు.
సోమవారం: మసి నిప్పుకి చుట్టం.
మంగళవారం: పచ్చికట్టె కాల్చకండి.
బుధవారం: మసి నిప్పుకి చుట్టం, మరవకండి.
శుక్రవారానికి చెప్పేదేమీ మిగల్లేదు.
"ఈ రోజు పడమటి గాలి" అని రాశాడు, పాపం,
ఆ గాలి అందరి మొహాల్నీ కొడుతుండగా.

నెల తిరిగేసరికి కాగితం మీద కాగితం.
గోటితో గీకి చూశాను, బొటనవేలంత మందం.
పిల్లి ఎక్కడో అట్టడుగున ఊపిరాడక ఉంది.
(అసలు పిల్లి దొరికింది. అది వేరే కథ.)
రొట్టెకొచ్చిన వాళ్ల చూపు
పలకని గోడలాగే దాటిపోయేది.

ఒకరోజు చిల్లర లెక్కపెడుతూ నేనే అన్నాను:
"హెల్దుర్, గొట్టం మూసుకుపోయింది."
నా పొయ్యి గురించనుకుని బ్రష్షు తీశాడు.
నేను పలక చూపించాను.

ఆ సాయంత్రమే అన్నీ పీకి జేబులో కుక్కుకుపోయాడు.
తర్వాత చలికాలమంతా మూగనోము.
డిసెంబరులో ఉర్వే అడిగింది, హెల్దుర్ ఉన్నాడా పోయాడా అని.
జనవరిలో కాల్యు పర్ను నించి ఇంకొకణ్ణి పిలిపించుకున్నాడు,
రెట్టింపు ఇచ్చుకుని, తిట్టుకుంటూ.
ఫిబ్రవరిలో ముసలి ఎల్మా
ఊరబెట్టిన దోసకాయల సీసా నా బల్ల మీద పెట్టి
"జబ్బుమనిషికి ఇవ్వమ్మా" అని వెళ్లింది.
జబ్బుమనిషి నా వెనకగదిలో కాఫీ తాగుతున్నాడు.
చెవులు ఎర్రబడ్డాయి.

"మరి ఎన్నిసార్లు రాయాలంటావు?"
నాకేం తెలుసు, రొట్టెలమ్మేదాన్ని.
రొట్టె రోజూ వస్తుంది, ఆకలి రోజూ వేస్తుంది గనక.
నీ దగ్గర రోజూ వేసేదేముంది?

దోసకాయ కొరికి చాలాసేపు నమిలాడు.
"మసి క్యాలెండరు చూడదు" అన్నాడు చివరికి.
"ఎండిన బిర్చి కాల్చే ఇంట్లో ఏడాదైనా పల్చగానే ఉంటుంది.
తడి కట్టె కాల్చే ఇంట్లో మూడు నెలలకే తారు కారుతుంది.
ఎప్పుడు ఊడవాలో నేను తేదీ చూసి చెప్పను.
వేలు పెట్టి చూసి చెబుతాను."
తను ఏమన్నాడో తనకే అప్పుడు వినపడినట్టుంది.
సీసా మూత పెట్టడం మరిచిపోయి లేచాడు.

ఏప్రిల్‌లో కాగితం వచ్చింది, అరచేయంత.
"బూడిదమెడ కాకులు గొట్టాల్లో గూళ్లు కడుతున్నాయి.
పొయ్యిలో పుల్లలు రాలితే వెలిగించకండి, నన్ను పిలవండి.
గుడ్లుంటే పిల్లలు ఎగిరేదాకా ఆగుతాను.
మళ్లీ చెప్పాల్సింది ఉన్నప్పుడు చెబుతాను,
ఎంత ఆలస్యమైనా ఆకులు రాలేలోపు."

ఉర్వే పైకి చదివింది. వెనకున్న ఇద్దరు నంబరు రాసుకున్నారు.
కాల్యు ఏమీ అనలేదు గానీ
పొయ్యిలోంచి ఏరిన పుల్ల ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

మేలో ఇంకొకటి. జూన్ అంతా ఏమీ లేదు,
ఉన్నాడా పోయాడా అని ఎవరూ అడగలేదు.
పిరెట్ మాత్రం ఫోన్ చేస్తూనే ఉంది,
నెలకి ఎన్ని, మామయ్యా, ఒక అంకె చెప్పు అని.

నాలుగో గుండుసూది అతనికని ఖాళీగా ఉంచుతున్నాను.
పిల్లి మళ్లీ తప్పిపోయింది.
అయినా మూడింటితోనే సర్దుతున్నాను.