వీపు మీది ఆవిరి

బెండిగోలో ఆ వేసవి
గాలికి దుమ్ము రంగు, నీళ్లకు తుప్పు రుచి.
గని మీది ఇంజన్ షెడ్డులో
జబెజ్ ట్రెలోర్ దగ్గర నేను పని నేర్చుకుంటున్నాను.
నేర్చుకోవడమంటే, చాలామటుకు,
జిడ్డు గుడ్డ అందించడం.

మూడు నెలలకోసారి ఆవిరిపెట్టె మూత విప్పేవాళ్లం.
లోపల స్లైడ్ వాల్వు,
బోర్లించిన ఇత్తడి తొట్టి.
ముందుకీ వెనక్కీ జరగడమే దాని బతుకు.
విప్పిన ప్రతిసారీ ఇంకాస్త పలచబడి కనిపించేది.
కింద పోత ఇనుప ముఖం మీద
మడమ పగుళ్లలాంటి గీతలు.

సింధూరం నూనెలో రంగరించి
చదును పలకకు పూసి, ముఖం మీద రుద్దేవాడు జబెజ్.
ఎత్తున్న చోటే ఎరుపంటుతుంది,
అంటిన చోటే గీకాలి.
రుద్దడం, గీకడం, మళ్లీ రుద్దడం.
ఆదివారం ప్రార్థనలో కూడా
మా గోళ్ల సందుల్లో ఆ ఎరుపు.

మేనేజరు ఇంకో పీపా కొవ్వు తెప్పించాడు.
తర్వాత ఇంకా గట్టి ఇనుము తెప్పిస్తానన్నాడు.
"తిరగలికి పైరాయి మారిస్తే
కిందిరాయి అరుగుతుంది," అని గొణిగాడు జబెజ్,
ఆయనకి వినపడేంత గట్టిగా కాదు.

ఆ రాత్రి తిన్న పళ్లెం బల్ల మీద బోర్లించి
పైన తన అరచెయ్యి మోపాడు.
"లాగు."
లాగాను. బల్ల మీద గీత పడింది, పళ్లెం కదల్లేదు.
చెయ్యి సగం తేల్చాడు.
"ఇప్పుడు?"
జారింది.
పళ్లెం అదే, బల్ల అదే.

అంగుళానికి ఎనభై పౌన్ల ఆవిరి,
నూట ఇరవై అంగుళాల వీపు.
నాలుగు టన్నులు నెత్తినెక్కించుకుని
ఏ ఇత్తడి మాత్రం నడుస్తుంది, అరక్కుండా?
అలాగని మొత్తం దించెయ్యకూడదు,
దించితే వాల్వు పైకి లేస్తుంది,
ఆవిరి దొంగదారి పడుతుంది.
ఎంత దించాలన్నదే
సుద్దముక్కతో గోడ నిండా రాసుకున్నాడు.

వాల్వు వీపున గుండ్రటి గాడి,
గాడిలో ఉంగరం, ఉంగరం కింద స్ప్రింగులు.
పైపలకను ఒరుసుకుంటూ ఉంగరం జరుగుతుంది,
దాని లోపలికి ఆవిరికి ప్రవేశం లేదు.
కన్నుగప్పి దూరిన కాస్తా
చిన్న బెజ్జంలోంచి పొగగొట్టం దారి పట్టాలి.

మొదటి ఉంగరం తొమ్మిదో రోజు విరిగింది.
మూడు ముక్కలు. ఒకటి పోర్టులో ఇరుక్కుంది.
జబెజ్‌కి వారం కూలి కోత.
రెండోదాన్ని ఏటవాలుగా కోసి, సాగేందుకు సందు ఉంచి,
నాతో ఒక్క మాటా మాట్లాడకుండా బిగించాడు.

వైండింగ్ ఇంజన్ డ్రైవరు సైలస్ గిల్‌ఫిలన్
లీవరు తిప్పాలంటే గోడకి కాలు తన్ని
రెండు చేతులా లాగేవాడు, పదిహేడేళ్ల అలవాటు.
ఆ పొద్దున కూడా అలాగే లాగాడు.
లీవరు చేతిలోకి ఎగిరొచ్చింది,
మనిషి వెళ్లి బొగ్గు బకెట్లో కూలబడ్డాడు.
"ఏదో విరిగింది! కేజీ ఆపండ్రోయ్!"

జబెజ్ నవ్వడం నేను చూసింది అప్పుడే.
"విరగలేదు," అన్నాడు. "దిగింది."

సైలస్ నమ్మలేదు.
వారం దాకా లీవరుని
ఎవరిదో నిద్రపోయే బిడ్డని ముట్టుకున్నట్టు ముట్టుకున్నాడు.
అతని కుడిభుజం మాత్రం
పాత లీవరు వైపే ఒరిగి ఉండిపోయింది.
దానికి ఉంగరం ఎవరూ చెయ్యలేదు.

మూత విప్పే పని తగ్గింది కదా అని
మేనేజరు మా గంటలు కూడా తగ్గించాడు.
జబెజ్ గోడ మీది సుద్ద లెక్కలు
తడిగుడ్డతో తుడిచేశాడు,
ఒక్క అంకె వదిలేసి. ఎందుకో అడగలేదు.

తొమ్మిది నెలలకు విప్పాం.
నేను దీపం పట్టుకున్నాను.
ఇనుప ముఖం మీద, మేం గీకిన గీకుళ్లు,
చిన్న చిన్న నెలవంకలు,
ఇంకా అలాగే ఉన్నాయి.
వేలితో తడిమితే
గరుకుగా తగిలాయి.